నౌపడ చిన్న రైలు మళ్ళీ నడుస్తుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో నౌపడ–గుణుపూర్ నారోగేజ్ లైను గురించి నేను రాసింది ఒక్క పేరా మాత్రమే. దానికి టెక్కలి నుంచి, పాతపట్నం నుంచి, విజయనగరం నుంచి వచ్చిన ఉత్తరాలు చదివిన తరువాత మిగిలిన ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ చిన్న రైలుకే కేటాయించాను. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాను.

ప్రశ్న: చిన్నతనంలో మా నాన్నగారు నన్ను పాతపట్నం స్టేషన్లో చిన్న రైలు ఎక్కించేవారు. మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా అమ్మాయి ఈమధ్య అక్కడి "పఫింగ్ బిల్లీ" అనే చిన్న రైలు ఎక్కి ఫొటోలు పంపింది. అది కూడా 1900లోనే మొదలైందట. వాళ్ళది ఇంకా నడుస్తూ ఉంటే మనది ఎందుకు పోయింది? మళ్ళీ తెచ్చుకునే దారి ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, పాతపట్నం

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఎక్కిన బండికీ మీరు ఎక్కిన బండికీ ఉన్న పోలిక ఆ ఒక్క సంవత్సరంతో ఆగదు. పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతి తమ సంస్థానం ఖర్చుతో, సుమారు 7 లక్షల రూపాయలు పెట్టి నౌపడ నుంచి పర్లాకిమిడికి వేయించిన 40 కిలోమీటర్ల లైను 1900 ఏప్రిల్ 1న ప్రారంభమైంది. అదే సంవత్సరం డిసెంబరులో మెల్‌బోర్న్‌కు తూర్పున ఉన్న డాండెనాంగ్ కొండల్లో, అప్పర్ ఫెర్న్‌ట్రీ గల్లీ అనే ఊరి నుంచి జెంబ్రూక్ వరకు 29 కిలోమీటర్ల లైను తెరిచారు. రెండు చోట్లా పట్టాల మధ్య దూరం (దీన్నే గేజ్ అంటారు) రెండున్నర అడుగులే, అంటే 762 మిల్లీమీటర్లు. వేయడానికి కారణం కూడా రెండు చోట్లా ఒకటే. మద్రాసును కలకత్తాతో కలిపే పెద్ద లైను 1890ల్లో నౌపడ మీదుగా వెళ్ళిపోయింది, పర్లాకిమిడి మాత్రం లోపల ఉండిపోయింది. అటువంటి లోపలి ఊళ్ళకు పెద్ద లైను వేస్తే పెట్టిన డబ్బు తిరిగి రాదు కాబట్టి, తక్కువ ఖర్చులో చిన్న లైను వేశారు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా ప్రాంతపు ప్రభుత్వం ఇదే లెక్కతో ఇలాంటి చిన్న లైన్లు నాలుగు వేసింది.

మన లైను 1929లో ఒక మెట్టు, 1931లో మరో మెట్టు ముందుకు సాగి వంశధార లోయ వెంట గుణుపూర్ చేరి, మొత్తం 90 కిలోమీటర్లయింది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయ్యాయి గాని, మధ్యలో మహేంద్రతనయ నదిని దాటే చిన్న రైలుకు మాత్రం ఆ సరిహద్దు అడ్డు రాలేదు. పెళ్ళిళ్ళకూ సంతలకూ రెండు వైపులవారూ అదే బండి ఎక్కారు.

ఇక అక్కడి కథ వినండి. 1953లో కొండచరియ విరిగి వాళ్ళ పట్టాల మీద పడింది. అప్పటికే నష్టాల్లో ఉన్న లైను కాబట్టి, బాగు చేయడం దండగ అనుకుని 1954లో మూసేశారు. చివరి ప్రయాణాలకు జనం విరగబడి రావడం చూసి కొందరు పౌరులు 1955లో ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ తరువాతి సంగతే మనం గమనించవలసినది. లైనులో నగరానికి దగ్గరగా ఉన్న మొదటి ముక్కను, అంటే బెల్‌గ్రేవ్ వరకు ఉన్న భాగాన్ని, ప్రభుత్వం పెద్ద గేజ్‌గా మార్చి విద్యుత్ లోకల్ రైళ్ళు నడిపింది. సంఘం బెల్‌గ్రేవ్ నుంచి ముందుకు ఉన్న పాత దారిని తీసుకుంది. కొండచరియ పడిన చోట సైన్యం సాయంతో పక్కగా కొత్త దారి తీసి, 1962 జూలైలో మెన్‌జీస్ క్రీక్ వరకు బండి నడిపారు. 1965లో ఎమరాల్డ్, 1975లో లేక్‌సైడ్ వచ్చాయి. 1998లో గాని జెంబ్రూక్ చేరలేదు. బెల్‌గ్రేవ్ నుంచి జెంబ్రూక్ వరకు ఉన్న 24 కిలోమీటర్లను తిరిగి తెరవడానికి వారికి 36 సంవత్సరాలు పట్టింది. దానిలో పెద్ద భాగం జీతం లేకుండా పనిచేసినవారి శ్రమ.

మన దగ్గర జరిగింది వేరు. 2002 సెప్టెంబరులో గేజ్ మార్పిడికి శంకుస్థాపన చేశారు, 2004 జూన్‌లో చిన్న రైలు ఆగింది. పర్లాకిమిడి వరకు బ్రాడ్‌గేజ్ బండి 2010లో, గుణుపూర్‌కు 2011లో వచ్చింది. మధ్య ఆరేడు సంవత్సరాలు ఆ లోయ ప్రజలు ఏ రైలూ లేకుండా బస్సుల మీదే బతికారన్నది మరచిపోకూడదు. గేజ్ మార్పిడి అంటే పాత దారినే వెడల్పు చేసి, గట్లూ వంతెనలూ బలపరచి పెద్ద పట్టాలు వేయడం. అక్కడ పాత దారి ఖాళీగా మిగిలింది కాబట్టి దాన్ని పునరుద్ధరించగలిగారు, ఇక్కడ పాత దారి మీదే పెద్ద బండి నడుస్తున్నది. మీ మొదటి ప్రశ్నకు జవాబు అదే. అందువల్ల నిజాయితీగా చెప్పాలంటే, నౌపడ నుంచి గుణుపూర్ వరకు చిన్న రైలు తిరిగి రాదు. రావాలని కోరడం కూడా నాకు న్యాయంగా తోచదు. ఇప్పుడు గుణుపూర్‌లో ఎక్కినవారు బండి మారకుండా విశాఖపట్నంలో దిగుతున్నారు. కె.జి.హెచ్.లో చూపించుకోవడానికి వెళ్ళే రోగి నౌపడలో సామాను దించుకుని ఇంకో బండి కోసం కూర్చునే రోజులు పోయాయి. వారి సౌకర్యం తీసేసి నా చిన్ననాటి ముచ్చట తీర్చమని నేను అడగను.

కాని మీ రెండో ప్రశ్నకు జవాబు అంత నిరాశగా లేదు. వారసత్వ రైలు 90 కిలోమీటర్లు ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. పాతపట్నం దగ్గర మహేంద్రతనయ కనిపించేలా కిలోమీటరున్నర చిన్న పట్టా వేసి, ఆ గేజ్‌కు చెందిన ఒక ఇంజనును, రెండు పెట్టెలను ఆదివారాలూ పండగ రోజులూ నడిపితే చాలు. ఉద్దానం వైపు బీచ్‌లకూ, అరసవల్లి, శ్రీముఖలింగం ఆలయాలకూ వచ్చేవారు ఒక పూట ఇటు తిరగడానికి అది సరిపోతుంది. ఈ కోరిక చిన్నది కాబట్టే నెరవేరగలదని నా నమ్మకం. పాతికేళ్ళ కిందట, పాత సామగ్రి ఇంకా చెదిరిపోక ముందే మనం దీన్ని అడగవలసింది.

ప్రశ్న: మా బడిలో పిల్లలు నారోగేజ్ అంటే ఏమిటి, పట్టాలు దగ్గరగా ఉంటే ఖర్చు ఎందుకు తగ్గుతుంది అని అడిగారు. సరిగ్గా చెప్పలేకపోయాను.
– ఒక ఉపాధ్యాయుడు, టెక్కలి

జవాబు: మాస్టారూ, మన దేశంలో ముఖ్యంగా నాలుగు కొలతలు ఉన్నాయి. బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, మీటర్‌గేజ్ 1000, నారోగేజ్‌లో 762 ఒకటి, 610 ఒకటి. నౌపడది 762, డార్జిలింగ్‌ది 610. పిల్లలకు చెప్పేటప్పుడు సుద్దముక్కతో బడి వరండాలో 1676 మి.మీ. దూరంలో రెండు గీతలు, వాటి లోపల 762 దూరంలో ఇంకో రెండు గీతలు గీయించండి. చిన్న పట్టాల మధ్య ఒక పిల్లవాడు కాళ్ళు చాపి కూర్చుంటే ఇంకేమీ చోటు మిగలదు. ఆ తేడా కంటితో చూస్తే చాలు, పుస్తకం అక్కర్లేదు.

ఖర్చు తగ్గేది పట్టాల మధ్య దూరం వల్ల మాత్రమే అనుకుంటే పొరపాటు. బండి చిన్నదైతే బరువు తక్కువ, బరువు తక్కువైతే పల్చని పట్టా సరిపోతుంది, పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు పొట్టివైనా చాలు, తక్కువ కంకర, సన్నని గట్టు, తేలికైన వంతెనలు సరిపోతాయి. అన్నిటికంటే ముఖ్యం, చిన్న గేజ్ బండి ఇరుకు మలుపు తిరుగుతుంది. కొండ అడ్డం వస్తే తొలిచే బదులు చుట్టి వెళ్ళవచ్చు. మహారాష్ట్రలో 1897లో ప్రారంభమైన బార్సీ లైట్ రైల్వే కోసం ఎవరార్డ్ కాల్‌త్రోప్ అనే ఇంజనీరు ఒక మంచి ఆలోచన చేశాడు. ఇంజనైనా వ్యాగనైనా ఏ ఇరుసు మీదా 5 టన్నులకు మించి బరువు పడకుండా చూస్తే, పల్చని పట్టా మీద కూడా గట్టి సరుకు లాగవచ్చని ఆయన చూపించాడు. మన లైను దాని తరువాత మూడేళ్ళకే వచ్చింది.

లోపం కూడా పిల్లలకు చెప్పండి. గేజ్ మారిన చోట సరుకంతా ఒక బండిలోంచి దించి మరో బండిలోకి ఎక్కించాలి. నౌపడ ఉప్పు మళ్ళు అందరూ ఎరిగినవే. ఉప్పు బస్తా ఒక్కటి చిన్న వ్యాగన్‌లోంచి పెద్ద వ్యాగన్‌లోకి మారాలన్నా దానికి ఒక కూలీ వీపు కావాలి. ప్రతి టన్నుకూ ఆ కూలీ, ఆ ఆలస్యం తప్పవు. లారీలు వచ్చాక చిన్న లైన్లను దెబ్బతీసింది వేగం తక్కువ కావడం కంటే ఈ మార్పిడి భారమే ఎక్కువని నా అభిప్రాయం.

ప్రశ్న: కొన్ని స్టేషన్ల ముందు, కార్యాలయాల ముందు రంగు వేసి నిలబెట్టిన ఆవిరి ఇంజన్లు చూస్తుంటాం. చూడటానికి నిగనిగలాడుతూ ఉంటాయి. వాటిలో ఒకదాన్ని తీసి పట్టాల మీద పెట్టి బొగ్గు వేస్తే నడవదా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: నడవదు. ఆ నిగనిగ చూసి మోసపోవద్దు. ఆవిరి ఇంజనుకు ప్రాణం బాయిలర్. పొగపెట్టె అడుగున మిగిలిపోయిన బూడిదలోకి వాన నీరు దిగితే అది ఏళ్ళ తరబడి ఇనుప రేకును తింటూనే ఉంటుంది. పైన ఏటేటా నల్లరంగు వేస్తారు, లోపల రేకు వేలితో పొడిస్తే ఊడేలా ఉంటుంది. చిన్నప్పుడు ఒకసారి నౌపడ యార్డులో ఒక ఫైర్‌మన్ నన్ను ఇంజను మెట్టు మీద నిలబెట్టి, నీటి మట్టం చూపే గాజు గొట్టం చూపించాడు. నా చిటికెన వేలంత గొట్టం, దానిలో నీరు పైకీ కిందికీ ఊగుతోంది. "బాబూ, ఈ నీరు ఆ గీత దిగితే మన పని అయిపోయినట్టే" అన్నాడు. ఎందుకో పెద్దయ్యాక తెలిసింది. నిప్పు మండే గది పైకప్పు మీద ఎప్పుడూ నీరు నిలిచి ఉండాలి. నీరు తగ్గి ఆ రేకు ఎర్రబడితే అది లోపలికి కుంగి బాయిలర్ పేలుతుంది. అందుకే ఆ రేకులో సీసం నింపిన ప్లగ్గు ఒకటి పెడతారు. నీరు తగ్గగానే ముందు సీసం కరిగి, ఆవిరి నిప్పు మీదికి చిమ్మి, మనుషులను హెచ్చరిస్తుంది.

కాబట్టి నిలబెట్టిన ఇంజనును తిరిగి నడపాలంటే మొదట బాయిలర్‌ను చట్రం నుంచి ఎత్తి దింపాలి. లోపలి పొగ గొట్టాలన్నీ లాగి పారేసి కొత్తవి వేయాలి. రేకుల మందం చోటు చోటునా కొలిచి, తరిగిన చోట కోసి కొత్త రేకు అతకాలి. తరువాత బాయిలర్ నిండా చల్లటి నీరు నింపి, పని చేసే ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడి వచ్చేదాకా పంపుతో ఎక్కించి, ఎక్కడ చెమరుస్తుందో చూస్తారు. ఈ పరీక్షను ఆవిరితో కాక నీటితో చేయడానికి కారణం, బలహీనమైన చోటు ఉంటే నీరు కారి ఊరుకుంటుంది, ఆవిరి అయితే ప్రాణాలు తీస్తుంది. అన్నీ కుదిరాక కూడా చల్లారిన బాయిలర్‌ను ఒక్కసారిగా వేడి చేయకూడదు. బండి ఉదయం బయలుదేరాలంటే చాలా గంటల ముందే చిన్న నిప్పు వేసి నెమ్మదిగా రాజేయాలి.

ఇది అసాధ్యం కాదు. 1855లో తయారైన మన "ఫెయిరీ క్వీన్" బ్రాడ్‌గేజ్ ఇంజను 1997లో మళ్ళీ ఢిల్లీ నుంచి ఆల్వార్‌కు ప్రయాణికులను లాగింది. అయితే దాని వెనుక పెద్ద వర్క్‌షాపూ, చేయి తిరిగిన పనివారూ ఉన్నారు. ఇంజను దొరకడం సులువు, బాయిలర్ పని తెలిసిన చేతులు దొరకడం కష్టం. ఆ పని చేసినవారిలో చాలామంది రిటైరై ఇంట్లో ఉన్నారు. ఈ శీర్షిక చదివేవారిలో అటువంటివారు ఉంటే దయచేసి మాకు రాయండి.

ప్రశ్న: మా ఊరి మీదుగా వెళ్ళే అరకు రైలు కూడా ఇలాంటి వారసత్వ రైలేనా?
– ఒక పాఠకుడు, శృంగవరపుకోట

జవాబు: కాదు. కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన బ్రాడ్‌గేజ్ లైను, ఈనాటికీ దాని ముఖ్యమైన పని ఖనిజం మోయడమే. 2017లో చేర్చిన అద్దాల విస్టాడోమ్ పెట్టె పర్యాటకుల కోసం. చూడదగిన ప్రయాణం, సందేహం లేదు.

ప్రశ్న: ప్రభుత్వం పూనుకోకుండా మామూలు మనుషులు రైలును కాపాడిన సందర్భాలు నిజంగా ఉన్నాయా? ఉంటే ఇక్కడ విద్యార్థులం ఏం చేయగలం?
– ఒక డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఉన్నాయమ్మా. ప్రపంచంలో మొట్టమొదట అలా కాపాడినది బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో ఉన్న టాలిలిన్ రైల్వే. పలకరాయి గని కోసం 1860ల్లో వేసిన చిన్న లైను అది, పట్టాల మధ్య దూరం రెండు అడుగుల మూడు అంగుళాలు. గని మూతపడినా, "నేను బతికి ఉన్నంతకాలం బండి నడుస్తుంది" అన్నట్టుగా దాని యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్స్ నష్టానికే నడుపుతూ వచ్చి 1950లో కన్నుమూశారు. ఆ అక్టోబరులో టామ్ రోల్ట్ అనే రచయిత, మరికొందరు కలిసి బర్మింగ్‌హామ్‌లో సభ పెట్టి సంఘం కట్టారు. 1951 మే 14న మొదటి బండి నడిపే నాటికి పనిచేసే ఇంజను ఒక్కటే, దాని పేరు డోల్‌గోక్. పట్టాలు ఎంత అరిగిపోయాయంటే, స్లీపర్లు కుళ్ళిన చోట్ల వాటిని పట్టి ఉంచింది చుట్టూ పెరిగిన గడ్డేనని ఆనాటివారు చెప్పుకునేవారు. పక్క లోయలో మూతపడిన కోరిస్ రైల్వే ఇంజన్లు రెండు అదే గేజ్‌వి కావడంతో, 50 పౌండ్లకు ఆ రెండిటినీ కొని తెచ్చారు. ఆ బండి ఇప్పటికీ నడుస్తున్నది.

మన దేశంలో ఆ పద్ధతి అలాగే కుదరదు. లైన్లు భారతీయ రైల్వేవి, ప్రయాణికుల బండి నడపాలంటే రైల్వే భద్రతా కమిషనర్ అనుమతి తప్పనిసరి. డార్జిలింగ్ రైలుకు 1999లో, నీలగిరి మీటర్‌గేజ్ రైలుకు 2005లో, కాల్కా–సిమ్లా రైలుకు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వాటిని నడిపేది రైల్వే శాఖే. నారోగేజ్ వస్తువులకే ప్రత్యేకంగా నాగపూర్‌లో 2002లో ఒక మ్యూజియం కూడా వచ్చింది. కాబట్టి మీవంటివారు చేయగలిగింది బండి నడపడం కాదు, బండి నడపమని అడిగేవారి చేతిలో ఆధారాలు పెట్టడం. మీ కళాశాల నుంచి నలుగురు బయలుదేరి నౌపడ నుంచి పాతపట్నం వరకు ప్రతి స్టేషన్లో ఆగండి. పాత కట్టడం ఏది మిగిలింది, నీటి తొట్టి ఉన్న చోటు ఏది, పాత వంతెన దిమ్మెలు ఎక్కడ కనిపిస్తున్నాయి అన్నది కొలిచి, ఫొటో తీసి, పటం మీద గుర్తించండి. పట్టాల మీదికి వెళ్ళవద్దు, అది నడుస్తున్న లైను. కొలతలు లేని విన్నపం ఏ కార్యాలయంలోనూ బల్ల దాటదు. పట్టా ఎక్కడ వేయాలో, ఏ కట్టడాన్ని మ్యూజియంగా మార్చాలో పటంతో సహా చూపిస్తే కాదనడానికి కూడా వారు కారణం రాయవలసి వస్తుంది.

ప్రశ్న: మా తాతగారు చిన్న రైలులో గార్డుగా పనిచేశారు. ఆయన చేతి లాంతరు, ఈల, కొన్ని అట్ట టికెట్లు, మూడు ఫొటోలు మా ఇంట్లో ఉన్నాయి. పాత సామాను కొనేవాడు లాంతరుకు మంచి ధర ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: అమ్మవద్దని నా మనవి. ఇత్తడి తూకానికి వచ్చే డబ్బు నెల తిరక్కుండా ఖర్చయిపోతుంది. లాంతరును చింతపండుతో తోమవద్దు. మసి కిందనే అక్షరాలు చెక్కి ఉండవచ్చు, తోమితే అవి అరుగుతాయి, మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆకుపచ్చ, ఎరుపు అద్దాలు పగలకుండా గుడ్డ చుట్టి పెట్టండి. అట్ట టికెట్లను ల్యామినేషన్ చేయించవద్దు, ఆ వేడికీ జిగురుకూ అచ్చు పాడవుతుంది. ఒక్కొక్కదాన్నీ విడిగా తెల్ల కాగితపు కవరులో వేసి, చెమ్మ తగలని చోట ఉంచండి. దానిమీద ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కు, ఎంత ఛార్జీ, తేదీ ముద్ర ఏమిటి అన్నది చదివి ఒక పుస్తకంలో రాసి పెట్టండి. ఛార్జీలూ స్టేషన్ల పేర్లూ తెలుసుకోవడానికి రేపు మ్యూజియం పెట్టేవారికి అంతకంటే మంచి ఆధారం దొరకదు.

ఫొటోల సంగతి ఇంకా తొందరైనది. మీ ఇంట్లో తాతగారితో ఆ బండిలో తిరిగిన పెద్దవారు ఎవరైనా ఉంటే, ఈ వారమే ఆ మూడు ఫొటోలూ వారి ముందు పెట్టి, ఫోనులో రికార్డు చేస్తూ అడగండి: ఇది ఏ స్టేషన్, ఇంజను పక్కన నిలబడింది ఎవరు, నీరు ఎక్కడ పట్టేవారు, వంశధారకు వరద వస్తే బండి ఎక్కడ ఆపేవారు, ఏ సంత రోజున పెట్టెలు కిటకిటలాడేవి. వారు చెప్పిన పేర్లను ఫొటో వెనుక అంచున, మెత్తని పెన్సిలుతో, అదమకుండా రాయండి. పెన్ను వాడవద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది.